చీకట్లో గురి పెట్టినోడు
బొల్లారంలో పుట్టి.. జవళగిరి అడవిని ప్రపంచానికి చూపించిన కెన్నెత్ ఆండర్సన్

హోసూరు దాటి డెంకణికోట రోడ్డు పట్టుకుంటే తళి, జవళగిరి, అంచెట్టి.. ఒకదాని వెనక ఒకటి ఊళ్లు వస్తాయి. తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే టీకొట్టు దగ్గర వినపడే సీమ ఇది. ఈ ఊళ్ల పేర్లు లండన్‌లో అచ్చయిన పుస్తకాలకెక్కాయి. ఎక్కించినాయన ఇక్కడివాడు కాదు. ఇంట్లో మాట్లాడేది ఇంగ్లిషు. పుట్టింది మాత్రం సికింద్రాబాద్ పక్కనున్న బొల్లారంలో. పేరు కెన్నెత్ ఆండర్సన్.

మనుషుల్ని తినడం మరిగిన పులుల్ని, చిరుతల్ని వెంటాడిన వేటగాడిగా ఆయన పేరు దేశదేశాల్లో తెలుసు. అయితే ఆయన కథల్లో పదే పదే కనిపించే రైఫిల్ మీద దుర్భిణి, అదే స్కోపు, ఉండదు! ఇప్పుడు రైఫిల్ పట్టుకునే కుర్రాళ్లు మొట్టమొదట అడిగేది స్కోపు ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందనే. ఎంత దూరంలో, ఏ వెలుగులో, దేన్ని చూడాలి అన్నది ఆ తర్వాత మాట. ఆండర్సన్ మాత్రం ఆ రెండో లెక్కతోనే మొదలుపెట్టారు.

లా చదువు వద్దని..

1910లో పుట్టిన ఆండర్సన్‌ది స్కాట్లాండ్ మూలాలున్న కుటుంబం. ఆరు తరాలుగా ఇండియాలోనే ఉన్నారు. తండ్రి సైన్యం జీతభత్యాల లెక్కలు చూసే శాఖలో పుణెలో పనిచేశారు. కొడుకు చదువు బెంగళూరులో.. బిషప్ కాటన్ స్కూలు, తర్వాత సెయింట్ జోసెఫ్స్ కాలేజీ. లా చదవమని ఎడిన్‌బరో పంపిస్తే అక్కడ ఇమడలేక వెనక్కి వచ్చేశారు. తపాలా, తంతి శాఖలో చాలా ఏళ్లు పనిచేసి, ఆ తర్వాత బెంగళూరు విమానాల ఫ్యాక్టరీలో (ఇప్పటి హెచ్ఏఎల్) ప్లానింగ్ విభాగం మేనేజరయ్యారు.

అంటే ఆయన రాజావారి కొలువులో ఉన్న షికారీ కాదు. జిల్లా కలెక్టరూ కాదు. వారమంతా ఫ్యాక్టరీ, సెలవు దొరికితే అడవి. కారేసుకుని అంచెట్టి, పెన్నాగరం, హొగెనకల్ వైపు బయల్దేరేవారు. ఏనుగుల మీద ఊరేగుతూ, వంద మందితో డప్పులు కొట్టించి పులిని ఎదుటికి తోలించుకునే దొరల వేట వేరు, ఈయన వేట వేరు. తోడుగా ఉండేది ఆ అడవి ఎరిగిన ఒకరిద్దరే. ముత్తూరు దగ్గరి అడవిలో పరిచయమైన బైర పూజారి అందులో ఒకడు. అడుగుజాడ చూసి జంతువు వయసు, నడక చెప్పగల మనిషి. ఒంటి మీద గోచీ తప్ప ఆస్తి లేనివాడు. అతని పేరుతో ఏకంగా ఒక కథే రాశారు ఆండర్సన్.

ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లకూ ఆయన దగ్గరివాడే. భాకరాపేట, రంగంపేట చుట్టుపక్కల చామల లోయలో జనాన్ని హడలెత్తించిన పులి కథ 1954లో వచ్చిన మొదటి పుస్తకంలో ఉంది. మామండూరు పులి కథ 1957 నాటి రెండో పుస్తకంలో. నల్లమలలో రైలు కట్ట మీదున్న దిగువమెట్ట పేరు ఇంకో కథకు తలకట్టు. డెంకణికోట దగ్గరి శివనిపల్లి నల్లచిరుతకైతే 1959లో పుస్తకం పేరే దక్కింది.

ఆ 405 ఎందుకు?

ఆండర్సన్ పేరుతో పాటే గుర్తొచ్చేది 405 వించెస్టర్. అమెరికాలో జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన 1895 మోడల్ రైఫిల్. ట్రిగ్గర్ కింద ఉండే ఇనుప కొక్కీని కిందికి లాగి పైకి నొక్కితే ఖాళీ తూటా బయటికి ఎగిరి కొత్తది లోపలికి వస్తుంది. ఆ 405 తూటా 1904లో వచ్చింది. గుండు బరువు 300 గ్రెయిన్లు, అంటే పందొమ్మిది గ్రాముల పైచిలుకు. అమెరికా అధ్యక్షుడిగా దిగిపోయాక 1909లో థియోడర్ రూజ్‌వెల్ట్ ఆఫ్రికా వేటకు వెళ్తూ పట్టుకెళ్లింది కూడా ఈ రైఫిలే. సింహాల మీద బాగా పనిచేసిందని పేరొచ్చింది.

ఈ గుండు మొద్దుది, బరువైనది. దగ్గర్లో గొడ్డలి దెబ్బలా తగులుతుంది కానీ రెండొందల గజాలు దాటితే కిందికి జారిపోతుంది. దూరం గురికి పనికొచ్చే సరుకు కాదు. పైగా ఈ మోడల్‌లో ఖాళీ తూటా సరిగ్గా పైనుంచే బయటికొస్తుంది. మామూలుగా స్కోపు బిగించే చోటే అడ్డం! స్కోపు ఏదోలా పక్కకు పెట్టుకున్నా, ఈ తూటా భుజాన్ని తన్నే తన్నుకు అద్దం అంచు కనుబొమ్మను చీరేసే ప్రమాదం ఉంటుంది. కంటికీ అద్దానికీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉండి తీరాలని తుపాకీ పనివాళ్లు ఇప్పటికీ చెప్పేది ఇందుకే.

కాబట్టి ఆయనకు మిగిలింది గొట్టం చివర బుడిపె, వెనక గాడి. గాడిలో బుడిపె కనిపించాలి, బుడిపె మీద పులి కనిపించాలి. అంతే. రాత్రయితే అదీ కనపడదు. అందుకే రైఫిల్‌కు టార్చిలైటు బిగించుకునేవారు. స్కోపు ఉన్న వెలుగును పోగుచేసి కంటికి అందిస్తుందే తప్ప లేని వెలుగును పుట్టించదు. అమావాస్య రాత్రి మంచె మీద కూర్చున్నోడికి కావలసింది రెండు సెకన్ల వెలుతురు.

గుమ్మళాపురం చిరుత

ఆ రెండు సెకన్ల విలువ ఎంతో గుమ్మళాపురం కథలో తెలుస్తుంది. జవళగిరి అడవి అంచున ఉన్న ఈ ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ కలిపి ఒక్క చిరుత 42 మందిని పొట్టన పెట్టుకుంది. చీకటి పడితే జనం తలుపులు బిడాయించుకునేవాళ్లు. అయినా ఇళ్లలోకే చొరబడి లాక్కుపోయేది.

ఆండర్సన్ వచ్చి ఒక ఇంటి గోడకు వీపు ఆనించి, నడివీధిలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తానే ఎర! వెనక కప్పు మీద ముళ్లకంప పరిపించారు. అదే ప్రాణం కాపాడింది. చిరుత ఎదురుగా రాలేదు, కప్పు మీదుగా వెనకనుంచే వచ్చి ముళ్లలో చిక్కుకుని గుర్రుమంది. ఆ దెబ్బకు అది తప్పించుకుపోయింది గానీ, ఆయనా బతికిపోయారు. ఇంకో రాత్రి ఊరకుక్క ఒకటి వచ్చి పక్కన చేరింది. మనిషికి ఏ అలికిడీ వినపడక ముందే ఆ కుక్క ఒక దిక్కుకు తిరిగి గుర్రుమనడం మొదలుపెట్టింది. టార్చి ఆ వైపే వెలిగింది, 405 పేలింది. ఆ వీధికుక్కను ఆయన బెంగళూరు తీసుకెళ్లి పెంచుకున్నారు.

చచ్చిన చిరుత పాదంలో విరిగిన ముళ్లపంది ముళ్లు దొరికాయి. పరిగెత్తే జంతువును పట్టలేక మనిషి మీద పడిందని ఆయన తేల్చారు. ఒక్క పులి మనుషుల్ని తిన్నదని ప్రతి పులినీ చంపుకుంటూ పోకూడదన్నది ఆయన పట్టు. చంపాల్సింది ఏదో తేల్చుకోవడానికి ఆయన జాడలు కొలిచేవారు, రోజుల తరబడి తిరిగేవారు. జవళగిరి ఆడపులి విషయంలోనైతే మగపులిలా తానే అరిచి, మసక వెలుతుర్లో దాన్ని ఎదుటికి రప్పించుకున్నారు.

ఆయన పుస్తకాల్లోని ప్రతి ముక్కకూ సర్కారు కాగితం తోడు లేదు. కథ రక్తి కట్టడానికి కొంత కలిపి ఉంటారని అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాటను కొట్టిపారెయ్యలేం. రికార్డుల లెక్కగా చెప్పుకునేది ఇదీ.. 1939 నుంచి 1966 దాకా మనుషుల్ని తిన్న చిరుతలు 8, పులులు 7.

స్కోపు ఎవరికి మరి?

స్కోపు దండగ అని దీనర్థం కాదు. మైదానంలో మూడొందల మీటర్ల దూరాన కార్డు మీది చుక్కను కొట్టాలంటే అది కావాల్సిందే. అక్కడ లెక్క వేరు. చాలా స్కోపుల్లో మీట ఒక్క గడి తిప్పితే వంద మీటర్ల దగ్గర గురి ఒక సెంటీమీటరు జరుగుతుంది. తల కాస్త కదిలినా గీత పక్కకు జరిగినట్టు అనిపించే దోషం ఒకటుంది, దూరం గురికి అది సవరించే మర ఉన్నది తీసుకోవాలి. వేటకు వాడే దేశాల్లో ఇంకో లెక్క చూస్తారు. ముందు అద్దం వెడల్పును రెట్లతో భాగిస్తే కంట్లో పడే వెలుగు చుక్క వస్తుంది. 40 మిల్లీమీటర్ల అద్దాన్ని 9 రెట్ల దగ్గర పెడితే నాలుగున్నర మిల్లీమీటర్లు కూడా రాదు. అదే 4 రెట్లకు దించితే 10 మిల్లీమీటర్లు. చీకట్లో పడుచు కంటిపాప విచ్చుకునేదే 7 మిల్లీమీటర్ల దాకా. అంటే పొద్దుగూకే వేళ రెట్లు పెంచేకొద్దీ బొమ్మ మసకబారుతుంది! రెట్లు పెరిగితే కనిపించే మేర కూడా ఇరుకైపోతుంది. ఇరవై గజాల్లో ఉన్న పులిని 9 రెట్లలో చూస్తే చారలే కనిపిస్తాయి, పులి కనిపించదు.

ఇక ఒలింపిక్స్ రైఫిల్ పోటీల్లో స్కోపుకు అసలు అనుమతే లేదు. 2012 లండన్‌లో హైదరాబాదీ గగన్ నారంగ్ కంచు పతకం కొట్టింది చిన్న రంధ్రంలోంచి గురి చూసే. కొనేవాడు ముందు తాను ఎక్కడ నిలబడి కాలుస్తాడో చూసుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

చెరకు తోటలో ఎలుగు

ఆండర్సన్ రాతల్లో బడిపిల్లలకు బాగా తెలిసింది మాత్రం వేట కథ కాదు. ఎన్‌సీఈఆర్టీ తొమ్మిదో తరగతి ఇంగ్లిషు పుస్తకంలో కొన్నేళ్ల పాటు పాఠంగా ఉన్న ఎలుగుబంటి కథ. మైసూరు దగ్గర చెరకు తోటల మీదుగా వెళ్తుంటే ఎలుగు ఒకటి ఎదురైంది. పట్టపగలు, కళ్లెదుటే ఉంది. పక్కనున్న మిత్రుడు ఊరికినే కాల్చేశాడు. దగ్గరికెళ్లి చూస్తే దాని వీపు మీద పిల్ల! తల్లి శవం చుట్టూ తిరుగుతూ ఏడుస్తోంది.

గురి తప్పలేదు, వెలుగు తక్కువ కాలేదు. చూడాల్సింది చూడలేదు, అంతే.

ఆ పిల్లను ఆండర్సన్ ఇంటికి తెచ్చి భార్యకిచ్చారు. బ్రూనో అని పేరు పెట్టి పెంచారు. కనిపించిందల్లా తినేది, ఒకసారి ఇంజన్ ఆయిలు కూడా తాగేసింది. పెద్దదయ్యాక మైసూరు జూకు పంపితే అక్కడ అది తిండి మానేసింది, ఇక్కడ ఆమె మానేసింది. చివరికి పెద్దల అనుమతి తెచ్చుకుని వెనక్కి తెచ్చేసుకున్నారు. ఇంటి ఆవరణలో చుట్టూ కందకం తవ్వించి దానికో చిన్న లంక కట్టించారు.

వయసు మీదపడే కొద్దీ ఆండర్సన్ రాతల్లో వేట తగ్గి, అడవి తరిగిపోతోందన్న బెంగ పెరిగింది. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చి వేట ఆగిపోయింది. మనుషుల ప్రాణానికి ముప్పుగా మారిన జంతువునైనా అధికారుల రాతపూర్వక అనుమతి లేకుండా కాల్చడానికి లేదు. 1973లో పులుల కోసం ప్రాజెక్టు మొదలైంది. ఆ మరుసటి ఏడాది 1974 ఆగస్టులో ఆయన కేన్సర్‌తో కన్నుమూశారు. ఆఖరి పుస్తకం 1976లో, ఆయన పోయాకే బయటికొచ్చింది.

ఆయన తిరిగిన చామల అడవి 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులో కలిసింది. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో 686 చదరపు కిలోమీటర్ల అడవిని తమిళనాడు ప్రభుత్వం 2022లో కావేరి దక్షిణ అభయారణ్యంగా ప్రకటించింది.