మనుషుల్ని కొలిచిన రిస్లీ దొర

మన సంఘ సభ్యుల్లో జనాభా లెక్కల డ్యూటీ చేయనివారు అరుదు. నేను 1971లోనూ, 1981లోనూ ఎన్యూమరేటరుగా ఇల్లిల్లూ తిరిగాను. మతం, మాతృభాష అందరికీ రాశాం. కులం పేరు మాత్రం షెడ్యూల్డు కులాలు, తెగల వారికే రాశాం. కులం కాలమ్ అంటే ప్రభుత్వాలు ఎందుకు జంకుతూ వచ్చాయో అర్థం కావాలంటే సర్ హెర్బర్ట్ హోప్ రిస్లీ జీవితం తెలుసుకోవాలి.

రిస్లీ 1851లో ఇంగ్లండులోని బకింగ్‌హామ్‌షైరులో జన్మించారు. ఆక్స్‌ఫర్డులో చదివి, ఐ.సి.యస్. ఉద్యోగిగా 1873లో బెంగాలు వచ్చారు. హంటర్ దొర నడిపిన గణాంక సర్వేలో ఛోటా నాగపూర్ వివరాలు సేకరిస్తూ అక్కడి తెగలను దగ్గరగా చూశారు. 1885లో బెంగాలు కులాలు, తెగల సర్వేను ప్రభుత్వం ఆయనకే అప్పగించింది. కష్టించి పనిచేసే అధికారి. 1891లో ఆ ఫలితాలు గ్రంథాలుగా వెలువడ్డాయి.

అయితే ఆయనకొక నమ్మకం ఉండేది. ముక్కు వెడల్పును 100తో హెచ్చించి, పొడవుతో భాగిస్తే వచ్చే అంకె మనిషి జాతిని తెలుపుతుందని, ముక్కు సన్నబడే కొద్దీ కులం హోదా పెరుగుతుందని ఆయన వాదం. మద్రాసులో థర్‌స్టన్ గారు కూడా ఇలాంటి కొలతలే తీశారు. ఆ కొలతల్లో మన తెలుగువారూ ఉన్నారు. 1932లో ఘుర్యే పండితుడు రిస్లీ అంకెలనే తిరిగి పరిశీలించి, ఉత్తర హిందూస్థానం దాటితే ఆ సూత్రం పొసగదని చూపారు. నేటి శాస్త్రం దాన్ని పూర్తిగా తోసిపుచ్చింది.

1899లో రిస్లీ సెన్సస్ కమిషనరయ్యారు. 1901 లెక్కల్లో దాదాపు 29 కోట్ల 40 లక్షల మంది తేలారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ కులాలను లెక్కించడంతో ఆగక, ఏది ఎక్కువ, ఏది తక్కువ అని వరుస పెట్టించారు. దాంతో దేశమంతటా అలజడి రేగింది. ఖత్రీలు బరేలీలో సభ జరిపి, తమను క్షత్రియులుగా రాయాలని పట్టుబట్టి సాధించుకున్నారు. 1911 నాటికి ఆ వరుసను మానుకున్నా అర్జీలు ఆగలేదు. ఒక్క బెంగాలులో వచ్చినవే ఒకటిన్నర మణుగు, అంటే 50 కిలోల పైమాట! అర్జీల కట్టలు మోసిన ఆ గుమాస్తాల పాట్లు మనకు వేరే చెప్పాలా?

రిస్లీ 1910లో ఇండియా విడిచి లండన్‌లోని ఇండియా ఆఫీసులో చేరారు. మరుసటి ఏడు సెప్టెంబరు 30న కన్నుమూశారు. ఉన్నది రాసుకోవలసిన రిజిస్టరు హోదాలు పంచే పట్టాగా మారితే ఏమవుతుందో ఆయన ఉద్యోగ జీవితం చెబుతుంది.

అన్ని కులాల లెక్కలూ చివరిసారి అచ్చయింది 1931లో. స్వాతంత్ర్యం వచ్చాక 1951 నుంచి షెడ్యూల్డు కులాలు, తెగలకే పరిమితం చేశారు. మళ్ళీ 2025 ఏప్రిల్ 30న, రాబోయే జనగణనలో కులం కూడా రాయాలని కేంద్రం నిర్ణయించింది. ఎవరికి ఎంత అందిందో, ఎవరు వెనకబడ్డారో తెలియడానికి లెక్క అవసరమేనని నా అభిప్రాయం. కానీ ఆ లెక్కలో మెట్లు ఉండకూడదు. డ్యూటీ పడే మన పిల్లలకు ఒక్కమాట చెప్పండి: ఇంటివారు చెప్పింది చెప్పినట్టు రాయాలి. ముఖం చూసి, ఇంటిపేరు విని, సొంతంగా ఊహించి రాయకూడదు.