నింద మోసిన టీకా శాస్త్రజ్ఞుడు

మన పసిబిడ్డకు టీకా వేయించి ఇంటికి తెచ్చుకుంటాం. ఆ రాత్రి ఒళ్ళు వెచ్చబడితే ఒడిలో పెట్టుకుని కూర్చుంటాం. అయినా ఆ మందును నమ్ముతాం. ఆ నమ్మకం కోసం జీవితం ధారపోసి, నింద మోసిన ఒకరిని ఈ వారం మీకు పరిచయం చేస్తాను. ఆయన పేరు వాల్డెమార్ హాఫ్కిన్.

1860లో, నేటి ఉక్రెయిన్‌లోని ఒడెస్సాలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. చదువు ముగిశాక, మతం మార్చుకుంటేనే విశ్వవిద్యాలయంలో పదవి అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. దేశం విడిచి పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో చిన్న ఉద్యోగంలో చేరారు. 1892లో కలరా టీకా తయారుచేసి, ముందుగా తానే వేసుకున్నారు. మరుసటి ఏడు మన దేశానికి వచ్చారు.

1896లో బొంబాయిని ప్లేగు పట్టుకుంది. హాఫ్కిన్ గ్రాంట్ వైద్య కళాశాలలో కొద్దిమంది సహాయకులతో పగలూ రాత్రీ శ్రమించి టీకా తయారుచేశారు. 1897 జనవరి 10న దాన్నీ తన శరీరంలోకే ఎక్కించుకున్నారు. ఆ తరువాత లక్షల మందికి అది రక్ష అయింది.

1902లో పంజాబు ప్రభుత్వం లక్షల మోతాదులు త్వరగా కావాలని కోరింది. అంత మందు అందించడానికి తయారీ పద్ధతిని మార్చి, కార్బాలిక్ ఆమ్లం కలపడం మానేశారు. అక్టోబరు 30న, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ముల్కోవాల్ గ్రామంలో 107 మంది టీకా వేసుకున్నారు. వారిలో 19 మంది ధనుర్వాతంతో మరణించారు. ఆ 19 మందికీ మందు ఇచ్చింది ఒకే సీసా నుండి!

ఎంత ఘోరం! జనం సమాధానం అడిగారు; అడగాల్సిందే. కాని విచారణ సంఘం తప్పును హాఫ్కిన్ ప్రయోగశాలమీద మోపింది. ఆయన పదవి పోయింది, జీతం ఆగింది. ఆయన వైద్యుడు కాదనీ, విదేశీయుడనీ, యూదుడనీ గిట్టనివారు అప్పటికే ఉన్నారు.

విచారణ పత్రాలు జనానికి అందడానికి ఏళ్ళు పట్టింది. వాటిలో ఏముందో తెలుసా? సీసా బిరడా తీసే పట్టకారు గ్రామంలో నేలమీద పడిందట. దాన్ని సరిగా శుద్ధిచేయకుండానే వాడారట. పైగా సీసా తెరిచినప్పుడు దుర్వాసన లేదు. ధనుర్వాత క్రిములు బొంబాయిలోనే చేరి ఉంటే, అన్ని రోజులకు మందు కంపుకొట్టేది. మన సికింద్రాబాదులో 1897లో మలేరియా గుట్టు విప్పిన రోనాల్డ్ రాస్, ఇతర శాస్త్రజ్ఞులతో కలసి ఈ సంగతులను 1907లో లండను పత్రికలో బయటపెట్టారు. ఆ ఏడాదే ప్రభుత్వం నింద తొలగించింది.

హాఫ్కిన్ తిరిగి కలకత్తా వచ్చి పనిచేశారు గాని, పూర్వపు స్థానం దక్కలేదు. 1925లో బొంబాయి ప్రయోగశాలకు ఆయన పేరు పెట్టారు. 1930లో స్విట్జర్లాండులో కన్నుమూశారు.

ప్రియ పాఠకులారా, ఆ ఐదేళ్ళలో నష్టపోయింది హాఫ్కిన్ ఒక్కరేనా? తమవారు ఎందుకు చనిపోయారో ఆ 19 మంది ఇళ్ళవారికి ఎవరు నిజం చెప్పారు? బలిపశువు దొరికితే అధికారులకు ఊరట. మరో ఊరిలో మరో పట్టకారు నేలమీద పడితే ఆపేవారేరి? అందుకే ప్రమాదం జరిగినప్పుడు గట్టిగా అడుగుదాం. కాని మనకు కావలసింది దోషి పేరు మాత్రమే కాదు, నిజం. పాలకుల ముఖం చూసి కాక, కళ్ళెదుట ఉన్నది చూసి చెప్పగల శాస్త్రజ్ఞుడుంటేనే మన బిడ్డలకు వేసే సూదిమీద మనకు భరోసా.