రెండు పక్షములయందు కుమారులున్న తల్లి

ధ్యానమునకు: 2 కొరింథీ 1:3-7

క్రిస్మస్ కాలములో మనము పాడుకొను "శుద్ధరాత్రి" పాట 1818లో ఆస్ట్రియా దేశమందలి ఓబెర్న్‌డోర్ఫ్ అను ఊరి గుడిలో మొదట పాడబడినది. ఆ పాటను కడవరకు పాడిన ఒక తల్లిని తలంచుకొందము.

ఎర్నెస్టీన్ షూమన్-హైంక్ 1861లో ఆస్ట్రియా సామ్రాజ్యములో, ప్రాగ్ నగరము చెంత, ఒక సైనికోద్యోగి ఇంట పుట్టెను. ఆ ఇంట లేమి యుండెను, ఆమెకు మంచి కంఠము మాత్రముండెను. 1878లో డ్రెస్డెన్ నగరమున ఆపెరా అను సంగీత నాటకములలో పాడ నారంభించెను. మొదటి భర్త అప్పులపాలు చేసి విడిచిపోగా, ఆమె పాడి పిల్లలను పోషించెను. 1899లో న్యూయార్కు మెట్రోపాలిటన్ ఆపెరాలో పాడి, కొన్నియేండ్లకు అమెరికా పౌరురాలయ్యెను.

1917లో అమెరికా జర్మనీతో యుద్ధమునకు దిగెను. పెద్ద కుమారుడు ఆగస్టు జర్మను జలాంతర్గామిలో నుండెను. తమ్ములు అమెరికా పక్షమున నుండిరి. ఆ తల్లి ఎవరి జయము కొరకు ప్రార్థింపగలదు? 1918లో ఆగస్టు మరణించెను. అయినను ఆమె అమెరికా సైనికుల యెదుట పాడుట మానలేదు. 1926 మొదలుకొని క్రిస్మస్‌నాడు రేడియోలో "శుద్ధరాత్రి" పాడుచు, 1936లో కన్నుమూసెను.

శ్రమలో దేవుని ఆదరణ పొందినవారే ఇతరులను ఆదరింపగలరని పౌలు బోధించెను. పొలము గట్టు తగవులో అన్నదమ్ములు చెరియొక పక్షమున నిలువగా, నడుమ కన్నీరు విడుచు తల్లులు మన సంఘములలో లేరా? పండుగ రాకముందే అట్టి తల్లి యింటికి వెళ్లుదము. ఆమె కుమారులను ఒక్క బల్లయొద్దకు చేర్చుటకు మనము ప్రయాసపడుదము.