కంటి ఆస్పత్రి పేరు వెనక ఉన్న మనిషి: ఎల్వీ ప్రసాద్

మొయినాబాద్, చేవెళ్ళ వైపు ఎల్వీ ప్రసాద్ అంటే అదొక మనిషి పేరని చాలామందికి తట్టదు. అదొక ఆస్పత్రి, అంతే. ఇంట్లో పెద్దవాళ్ళకు మోతిబిందు వచ్చిందంటే బస్సెక్కి మెహదీపట్నంలో దిగి, అక్కడి నుంచి బంజారాహిల్స్ పోయే చోటు. నిజం చెప్పాలంటే 2024 సెప్టెంబర్ దాకా నాకూ అంతకు మించి తెలియదు.

ఆ నెల అక్కినేని నాగేశ్వరరావు శతజయంతి. 20 నుంచి 22 వరకు ఆయన పాత సినిమాలను మళ్ళీ థియేటర్లలో వేశారు. అందులో 1955 నాటి 'మిస్సమ్మ' ఒకటి. మా నానీ పోదామని పట్టుబట్టింది. ఆమెకు తెలుగు సినిమాలతో పెద్దగా పని లేదు. కానీ మీనా కుమారి 'మిస్ మేరీ' అంటే ప్రాణం. ఆ హిందీ సినిమా ఈ తెలుగు సినిమా నుంచే వచ్చిందని ఆమెకు ఎవరో చెప్పారు. చేవెళ్ళ నుంచి మామూ వాళ్ళు బండి మాట్లాడుకుని వచ్చి, మొయినాబాద్‌లో మమ్మల్ని, మా పక్కింటి రిటైర్డ్ మాస్టారు దంపతులను ఎక్కించుకున్నారు. మొత్తం పదకొండు మందిమి. మర్రిచెట్ల రోడ్డు మీద కబుర్లు చెప్పుకుంటూ సిటీకి చేరాం.

తెర మీద దర్శకుడి పేరు పడగానే మాస్టారు నా వైపు వంగి, నానీకి కంటి ఆపరేషన్ అయిన ఆస్పత్రి ఈయన పేరు మీదే ఉందని చెప్పారు. నేను నమ్మలేదు. ఇంటికొచ్చాక ఆయన జీవితం చదివితే, సినిమా కంటే పెద్ద కథ దొరికింది.

అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు 1908 జనవరి 17న ఏలూరు దగ్గర సోమవరప్పాడులో రైతు కుటుంబంలో పుట్టారు. చదువు కంటే నాటకాల మీదే మనసు. చిన్న వయసులోనే మేనమామ కూతురు సౌందర్య మనోహరమ్మతో పెళ్ళయింది. ఆ రోజుల్లోనే ఇంటి మీద దెబ్బ పడింది. అప్పులు తీర్చడం నా వల్ల కాదని తండ్రి శ్రీరాములు గారు నలుగురి ముందు ఒప్పుకోవాల్సి వచ్చింది. నేను బీకాం చదివాను. మా పుస్తకాల్లో అప్పు అంటే బ్యాలెన్స్ షీటులో ఒక పక్క రాసే అంకె. పల్లెటూళ్ళో అది ఆ ఇంటి పరువు.

ఆ అవమానం తట్టుకోలేని కొడుకు వంద రూపాయలు పట్టుకుని, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బొంబాయి పోయారు. స్టూడియోల గేట్ల దగ్గర ఎవరూ లోపలికి రానివ్వలేదు. మన వైపు నుంచి వెళ్ళిన ఒక టైలర్ జాలిపడి తన దుకాణంలో పని ఇచ్చాడు. తర్వాత వీనస్ ఫిల్మ్ కంపెనీలో పైపనులు చేసే కుర్రాడిగా చేరారు. ఇంత పొడుగు పేరు రాయలేక ఒక గుమస్తా దాన్ని ఎల్.వి.ప్రసాద్ అని కుదించాడు. ఈ రోజు ఆస్పత్రి మీద ఉన్నది ఆ గుమస్తా కుదించిన పేరే.

అక్కడి నుంచి అర్దేషిర్ ఇరానీ కంపెనీకి చేరారు. 1931లో మన దేశపు మొదటి టాకీ 'ఆలం ఆరా', అదే ఏడాది తమిళుల మొదటి టాకీ 'కాళిదాస్', 1932లో మన 'భక్త ప్రహ్లాద' వచ్చాయి. మూడింటిలోనూ ఆయన చిన్న చిన్న వేషాలు వేశారు. అయినా సొంతంగా ఒక సినిమా చేతికి రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 'గృహప్రవేశం'తో దర్శకుడయ్యేసరికి 1946 వచ్చింది, వయసు 38. 1949లో 'మనదేశం'తో ఎన్టీఆర్‌ను తెరకు తెచ్చింది ఆయనే.

ఇక 'మిస్సమ్మ' సంగతి. బీఏ చదివి ఉద్యోగం లేని ఒక హిందూ అబ్బాయి, ఒక క్రైస్తవ అమ్మాయి. అమ్మాయి ఇంటికి అప్పిచ్చినవాడు పెళ్ళి చేసుకోమని వెంటపడుతుంటాడు. ఒక పల్లెటూరి బడికి మొగుడూ పెళ్ళాలైన టీచర్లే కావాలంటే, ఇద్దరూ భార్యాభర్తలమని అబద్ధం చెప్పి చేరిపోతారు. సావిత్రి విసుక్కుంటే, రేలంగి తికమక పెడుతుంటే మా వరస అంతా పొట్ట పట్టుకుని నవ్వింది. మా మామూ కొడుకు ఒక్కడే కాసేపు నవ్వు ఆపేశాడు. డిగ్రీ అయ్యి రెండేళ్ళు, ఇంటర్వ్యూలకు తిరుగుతూనే ఉన్నాడు. నాకూ అలాంటి ఏడాది ఒకటి గడిచింది కాబట్టి ఎందుకో అర్థమైంది.

పని దొరకని కడుపు, అప్పులవాడు తలుపు కొట్టే ఇల్లు ఎలా ఉంటాయో ఎల్వీ ప్రసాద్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు. 1959లో 'అప్పుచేసి పప్పుకూడు' అనే మరో హాస్య చిత్రం తీశారు. తన ఇంట్లో కన్నీళ్ళు తెప్పించిన విషయాన్నే జనానికి నవ్వుగా మార్చి ఇచ్చారని నాకనిపించింది. ఆ నవ్వులో బీదవాణ్ణి ఎగతాళి చేయడం మాత్రం కనపడదు.

ఆయన హిందీకీ వెళ్ళారు. 'శారద', 'ఛోటీ బహెన్' తీశారు. నిర్మాతగా 'మిలన్', 'ఖిలౌనా', 'ఏక్ దూజే కే లియే' ఇచ్చారు. మద్రాసులో ప్రసాద్ స్టూడియో, ల్యాబ్ పెట్టారు. 1982కు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. అంతకు ఏడాది ముందు కమల్ హాసన్ అంధుడిగా నటించిన 'అమావాస్య చంద్రుడు'లో తాత వేషం కూడా వేశారు.

ఆ తర్వాత డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో కంటి ఆస్పత్రి పెట్టాలనుకున్నప్పుడు ప్రసాద్ కుటుంబం బంజారాహిల్స్‌లో ఐదు ఎకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. 1987లో ఆస్పత్రి మొదలైంది. డబ్బు కట్టగలిగినవాళ్ళు కడతారు, లేనివాళ్ళకు ఉచితం. 1994 జూన్ 22న ఎల్వీ ప్రసాద్ కన్నుమూశారు.

ఆ రోజు తిరుగు దారిలో నానీ చాలాసేపు మాట్లాడలేదు. సావిత్రి బాగుందా, మీనా కుమారి బాగుందా అని మామూ అడిగితే, ఇద్దరూ స్పష్టంగానే కనిపించారని మాత్రం చెప్పింది. ఆపరేషన్‌కు ముందు అయితే ఆమెకు ఆ తెర అంతా ఒక తెల్లటి మబ్బు. వందేళ్ళ కిందట అప్పుల సిగ్గుతో ఊరు విడిచిన ఒక కుర్రాడు ఆమెకు ఆ మధ్యాహ్నం నవ్వునూ ఇచ్చాడు, ఆ నవ్వు చూసే కంటినీ ఇచ్చాడు. రెండో కన్ను చూపించడానికి మళ్ళీ పోవాలి. నానీ ఇప్పుడు దాన్ని ఎల్వీ ప్రసాద్ అనడం లేదు, మిస్ మేరీ ఆస్పత్రి అంటోంది. మేమెవ్వరం సరిదిద్దలేదు.