మేనాలో కాశీకి – ఏనుగుల వీరాస్వామయ్య
గుఱ్ఱపు బగ్గీలు చెన్నపట్టణపు వీథులలో తిరుగుచున్న కాలముననే ఏనుగుల వీరాస్వామయ్య మేనా నెక్కి కాశీయాత్రకు వెడలెను. పట్టణము దాటినంతనే ఎదురగు గతుకుల బాటలును, వంతెనలు లేని నదులును బగ్గీలకు అనువైనవి కావు.

చిన్ననాటనే తండ్రిని గోల్పోయి, స్వయంకృషిచే సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీయైన ఆయన, 1830 మే 18న బయలుదేరి హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశి చేరెను. గయ, కలకత్తా, పూరీ, రాజమహేంద్రవరముల మీదుగా 1831 సెప్టెంబరు 3న మరలి వచ్చెను. పదునైదు నెలలకు పైమాటయే! గంగపై పడవప్రయాణము విడిచిన, దారిలో అధికభాగము బోయీల భుజములపై గడచినదే.

బాటల బాగోగులు, మజిలీలు, దాటవలసిన ఏరులు, అంగళ్లలో దొరకు సరకులు – అన్నియు మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లకు వ్రాయుచుండెను. కచేరీ ఉద్యోగి యగుటచే కాబోలు, వేడుకకంటె వివరమునే మిన్నగా నెంచెను. 1836లో ఆయన గతించెను. ఆ వ్రాతలను పిళ్ల 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించెను.