ముఖం చెప్పే మాట

చార్లెస్ డార్విన్ పేరు వినగానే జీవపరిణామ సిద్ధాంతం గుర్తుకు వస్తుంది. మానవుని ముఖంలో తొణికిసలాడే సుఖదుఃఖాలను కూడా ఆయన 30 ఏళ్లకు పైగా పరిశీలించిన సంగతి కొద్దిమందికే తెలుసు.

1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణంలో ఒక వైద్యుని ఇంట డార్విన్ జన్మించాడు. తండ్రి కోరిక మేరకు వైద్యవిద్యలో చేరాడు. మత్తుమందు లేని ఆ రోజుల్లో జరిగే శస్త్రచికిత్సలను చూడలేక ఆ చదువును విడిచిపెట్టాడు. 1831లో బీగిల్ అనే నౌకలో ప్రకృతి పరిశీలకునిగా ప్రపంచయాత్రకు బయలుదేరాడు. దక్షిణ అమెరికా దక్షిణపు కొసన నివసించే ఫ్యూజియన్ జాతివారు ముగ్గురు ఆ నౌకలో ఉన్నారు. వేషభాషలు వేరైనా వారి మనసులు తన మనసు వంటివేనని, వారితో మెలగిన కొద్దీ ఆయన గ్రహించాడు. బ్రెజిల్‌లో బానిసల దుస్థితిని చూసి ఆయన హృదయం ద్రవించింది.

1839 డిసెంబరులో డార్విన్ దంపతులకు తొలి కుమారుడు కలిగాడు. ఆ శిశువులో నవ్వు, కోపం, భయం మొదట ఎప్పుడు పొడసూపాయో ఆ తండ్రి ఓపికతో రాసుకున్నాడు. 1851లో 10 ఏళ్ల కుమార్తె ఆనీ మరణించింది. ఆ శోకం ఆయనను జీవితాంతం వెన్నాడింది.

మానవజాతులు వేర్వేరు మూలాల నుండి పుట్టాయని ఆ కాలంలో కొందరు పండితులు వాదించేవారు. బానిసత్వాన్ని సమర్థించేవారికి ఆ వాదం ఆసరాగా నిలిచింది. మానవులందరి మూలం ఒకటే అయితే, వారి భావాలు వ్యక్తమయ్యే తీరులోనూ పోలిక ఉండాలని డార్విన్ భావించాడు. 1867లో ఒక ప్రశ్నావళిని దేశదేశాలకు పంపాడు. ఆశ్చర్యం కలిగితే కళ్ళు, నోరు విప్పారుతాయా? సిగ్గుపడితే ముఖం ఎర్రబడుతుందా? ఇటువంటివి ఆ ప్రశ్నలు. జ్ఞాపకం మోసగిస్తుంది కనుక కళ్ళారా చూసినదే రాయమని కోరాడు. 36 మంది సమాధానాలు పంపారు. కలకత్తా వృక్షోద్యానంలో పనిచేసిన జాన్ స్కాట్ వారిలో ఒకడు.

ఫ్రెంచి వైద్యుడు డుషేన్ ముఖకండరాలకు విద్యుత్తు సోకించి తీయించిన ఛాయాచిత్రాలను, భావాల పేర్లు చెప్పకుండా, డార్విన్ 20 మందికి పైగా చూపించాడు. కొన్నింటికి దాదాపు అందరూ ఒకే భావాన్ని చెప్పారు. మరికొన్నింటికి తలకొక పేరు పెట్టారు. ముందుగా వివరణ చదివినందువల్లనే అవి తనకు స్పష్టంగా తోచాయని ఆయన నిజాయితీగా అంగీకరించాడు.

ఈ పరిశోధన ఫలితంగా, మానవులలోను జంతువులలోను భావాల వ్యక్తీకరణను గురించిన ఆయన గ్రంథం 1872లో వెలువడింది. ప్రధానమైన భావాలు అన్ని జాతుల ముఖాలలో ఒకే రీతిగా పలుకుతాయని, మానవజాతి ఏకత్వానికి ఇది మరొక సాక్ష్యమని ఆయన ప్రతిపాదించాడు. ముద్దు పెట్టుకోవడం, తల ఊపి అవును కాదు అనడం వంటివి మాత్రం దేశాచారాన్ని బట్టి మారుతాయని గుర్తించాడు.

1882 ఏప్రిల్ 19న డార్విన్ కన్నుమూశాడు. ఆయన ప్రశ్నలలోనే జవాబులు ధ్వనించాయని, సమాధానాలు పంపినవారిలో చాలామంది పరాయిదేశాలలో స్థిరపడిన ఐరోపావాసులని తరువాతివారు విమర్శించారు. భావాలకు పేర్లు పెట్టడంలో ప్రతి సంస్కృతికీ తనదైన పద్ధతి ఉంటుందని కూడా వారు చూపారు. సిగ్గు, బిడియం, మొహమాటం అని తెలుగువారు వేరుచేసి చెప్పే భావాలను మరొక భాష ఒకే మాటలో ఇమడ్చవచ్చు. ఎదుటివారి ముఖాన్ని చూడగలిగితే చాలదు, వారి మాటను కూడా తెలుసుకోవాలి. పరాయివాని కన్నీటిలో తన దుఃఖాన్నే పోల్చుకున్న డార్విన్ ఆ అన్వేషణకు బాట వేశాడు.