మీడియాలోకి వెళ్లాలంటే ఏ డిగ్రీ? మానుకోట బిడ్డ షోయబుల్లా ఖాన్ జీవితం ఏం చెబుతోంది

ఇంటర్ ఫలితాలు వచ్చి దోస్త్ దరఖాస్తులు మొదలైతే చాలు, హన్మకొండ హాస్టళ్లలో ఒకటే చర్చ. టీవీలోనో పేపర్లోనో పనిచేయాలంటే ఏ డిగ్రీ చేయాలి? బీఏ జర్నలిజమా, పొలిటికల్ సైన్సా, తెలుగు సాహిత్యమా? ఇంట్లో వాళ్లేమో డిగ్రీ ఏదైనా సరే, గ్రూప్స్ రాసి సర్కారు నౌకరి కొట్టమంటారు. ఈ ప్రశ్నకు కాలేజీల కరపత్రాల్లో కన్నా మన పాత వరంగల్ జిల్లాలో పుట్టిన ఒక మనిషి జీవితంలోనే మంచి జవాబు దొరుకుతుందని మేం అనుకుంటున్నాం. ఆ మనిషి షోయబుల్లా ఖాన్.

1920 అక్టోబరు 17న మానుకోట తాలూకా సుబ్రవేడులో షోయబుల్లా పుట్టారు. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. కొడుకు పుట్టిన రోజుల్లోనే ఆ దారిన రైల్లో వెళుతున్న గాంధీని తండ్రి చూశారని, అందుకే పిల్లవాడిని షోయబుల్లా గాంధీ అని ముద్దుగా పిలిచేవారని చెబుతారు. నిజాం రాజ్యంలో, నిజాం కొలువు చేస్తున్న ఇంట్లో ఆ పేరు పలకడం చిన్న సంగతి కాదు.

షోయబుల్లా ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బీఏ చదివారు. 1918లో మొదలైన ఆ విశ్వవిద్యాలయంలో బోధనా భాష ఉర్దూ. ప్రజల్లో ఎక్కువ మంది మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. దొర గడిలో వెట్టి చేసే మాల, మాదిగ ఇళ్ల పిల్లలకు వీధి బడే అందని కాలం అది. అలాంటప్పుడు ఉస్మానియా మెట్లు ఎక్కడం సంగతి చెప్పేదేముంది? షోయబుల్లాకు మన తాతలకు లేని వెసులుబాటు ఉంది. పాలకుల భాష వచ్చు. చేతిలో పట్టా ఉంది. ఆ పట్టాతో సర్కారు దఫ్తరులో మంచి కుర్చీ దొరికేది. ఈ సంగతి దాచాల్సిన పని లేదు. ఆ వెసులుబాటును ఆయన ఎటు తిప్పారన్నదే మనకు ముఖ్యం.

ఆయన చదివిన కాలంలో ఉస్మానియాలో జర్నలిజం శాఖే లేదు. అది 1954లో వచ్చింది. అప్పటికి షోయబుల్లా చనిపోయి 6 ఏళ్లు. వార్త ఎలా రాయాలో ఆయనకు నేర్పింది తరగతి గది కాదు, పత్రికాఫీసు. చదువు అయ్యాక కొలువు వెతుక్కోకుండా తేజ్ అనే ఉర్దూ వారపత్రికలో చేరారు. రజాకార్ల దౌర్జన్యాల మీద రాసినందుకు ఆ పత్రికను సర్కారు మూసేసింది. తర్వాత మందుముల నరసింగరావు నడిపే రయ్యత్‌లో చేరారు. రయ్యత్ అంటే రైతు. ఆ పత్రిక కూడా అదే దారి పట్టింది.

రెండు పత్రికలు మూతపడ్డాక చాలామంది ఇక చాలనుకుంటారు. షోయబుల్లా సొంత పత్రిక పెట్టారు. బూర్గుల రామకృష్ణారావు అండగా నిలిచారు. ఇంట్లో ఆడవాళ్ల నగలు కూడా పెట్టుబడిలో కలిశాయని చెబుతారు. 1947 నవంబరు 15న ఇమ్రోజ్ మొదటి సంచిక వచ్చింది. ఇమ్రోజ్ అంటే ఈ రోజు. హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలవాలని, ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం రావాలని ఆ పత్రిక ఉర్దూలో, అంటే పాలకులకు అర్థమయ్యే భాషలోనే రాసింది. రజాకార్లకు మంట పుట్టించింది అదే. ఇది బయటివాళ్ల కుట్ర అని కొట్టేయడానికి వీల్లేదు. రాసినవాడు తమ మతం వాడే, తమ విశ్వవిద్యాలయంలో చదివినవాడే.

ఒక దళిత వేదిక మీద ఈ కథ ఎందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. ఆ రోజుల్లో హైదరాబాద్ దళిత రాజకీయం రెండు దారుల్లో చీలి ఉంది. బి.ఎస్. వెంకట్రావు నిజాం ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. శ్యాంసుందర్ నిజాం తరఫున ఐక్యరాజ్య సమితికి వెళ్లిన బృందంలో ఉన్నారు. అగ్రకుల హిందువుల రాజ్యం వస్తే మన గతి ఏమిటన్నది వాళ్ల భయం. ఆ భయం ఉత్తది కాదు. అంబేడ్కర్ మాత్రం 1947లోనే, సంస్థానంలోని షెడ్యూల్డు కులాల వాళ్లు నిజాం పక్షాన నిలబడొద్దని ప్రకటన చేశారు. అధికారం ఇచ్చే చిన్న వాటా కోసం నోరు మూసుకోవాలా, లేక మనవాళ్లే తప్పు చేస్తున్నా చెప్పాలా? ఈ ప్రశ్న అప్పుడు దళితుల ముందూ ఉంది, ముస్లింల ముందూ ఉంది. షోయబుల్లా తన సమాజం లోపల నిలబడి దానికి జవాబు రాశారు.

1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్ల సంస్థను రద్దు చేయాలని, సంస్థానం యూనియన్‌లో కలవాలని ప్రకటన చేశారు. ఇమ్రోజ్ దాన్ని అచ్చు వేసింది. ఆగస్టు 19న జరిగిన సభలో రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ, తమకు వ్యతిరేకంగా లేచిన చేతులు తెగిపడతాయని బహిరంగంగా బెదిరించాడు. రెండు రోజులకు, 21వ తేదీ రాత్రి, కాచిగూడ ప్రాంతంలో పని ముగించుకుని బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో ఇంటికి వెళుతున్న షోయబుల్లాను వెంటాడి కాల్చారు. రాసే చేతిని నరికారు. ఇస్మాయిల్ ఖాన్ గాయాలతో బతికారు. 22 తెల్లవారేసరికి షోయబుల్లా లేరు. వయసు 27 ఏళ్లు. ఇమ్రోజ్ వయసు తొమ్మిది నెలలు దాటింది.

నెల తిరగక ముందే, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత సంస్థానంలో వేలమంది సాధారణ ముస్లింలు ఊచకోతకు గురయ్యారు. సుందర్‌లాల్ కమిటీ ఆ సంఖ్యను 27 వేల నుంచి 40 వేల వరకు అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. సెప్టెంబరు 17ను మత కోణంలో చూపే వాళ్లకు షోయబుల్లా అడ్డం వస్తారు. రజాకార్లను మంచివాళ్లుగా చూపే వాళ్లకూ అడ్డం వస్తారు. అందుకే ఆయన పేరు వర్ధంతికి ఒకసారి వినిపించి మళ్లీ మాయమవుతుంది.

మరి ఏ డిగ్రీ? షోయబుల్లాను చూస్తే, రాయబోయే ప్రపంచాన్ని అర్థం చేయించే చదువు కావాలి. చరిత్ర, రాజనీతి, అర్థశాస్త్రం, భాష, వీటిలో ఏదైనా సరే. జర్నలిజం మెళకువలు తర్వాత నేర్చుకోవచ్చు. ఏ డిగ్రీ చేసినా సీపీజీఈటీ రాసి పీజీలో జర్నలిజం తీసుకునే దారి ఉంది. ఒక భాషను తప్పు లేకుండా రాయడం, రెండో భాషను ధైర్యంగా చదవడం మాత్రం డిగ్రీలోనే పట్టుకోవాలి. పట్టా లేనంత మాత్రాన పత్రిక ఆగదని కూడా మన చరిత్ర చెబుతుంది. పెద్ద చదువులకు నోచుకోని భాగ్యరెడ్డి వర్మ 1931లోనే హైదరాబాద్ నుంచి భాగ్యనగర్ పత్రిక నడిపారు.

అయితే పట్టా ఉన్నంత మాత్రాన తలుపులు తెరుచుకోవు. ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి 2019లో హిందీ, ఇంగ్లిష్ మీడియా సంస్థల్లోని 121 నాయకత్వ స్థానాలను పరిశీలిస్తే 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. మన పిల్లలు డిగ్రీ ఎంచుకునేటప్పుడు ఈ లెక్క కూడా ముందు పెట్టుకోవాలి. ఆ గదుల్లోకి వెళ్లాలి, తలుపు మూస్తే బయట మన ఇమ్రోజ్ మనం పెట్టుకోవాలి. రెండింటికీ సరిపడా చదువు కావాలి.

షోయబుల్లాకు ఆ పట్టాతో సర్కారు కుర్చీ దక్కేది. ఆయన దాన్ని జనం పక్షాన ఖర్చు పెట్టారు. మొదటి తరంలో డిగ్రీ చేస్తున్న మన పిల్లల వెనక అప్పులున్నాయి, అమ్మానాన్నల కూలి డబ్బులున్నాయి. వాళ్లను ప్రాణాలు ఇవ్వమని మేం అడగం. నౌకరి వద్దనీ చెప్పం. ఏ కుర్చీలో కూర్చున్నా వాడ కథను వాడ వైపు నిలబడి రాయమని మాత్రం అడుగుతాం.